నేరశాస్త్రం: మన విశ్వవిద్యాలయాలు పట్టించుకోని చదువు

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ‘దిశ’ అని పిలిచిన యువతి మీద జరిగిన హత్యాచారం కేసులో వాళ్లు అప్పటికి పోలీసు కస్టడీలో ఉన్నారు. కోర్టులో విచారణ ఇంకా మొదలే కాలేదు. తెల్లారేసరికి అక్కడికి చేరిన జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. నిందితుల ప్రాణాలు తీసే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని కమిషన్ తేల్చింది. పదిమంది పోలీసులను హత్యా నేరం కింద విచారించాలని చెప్పింది. పూలు చల్లిన దృశ్యాలను రోజంతా చూపించిన చానళ్లు ఈ నివేదికకు ఇచ్చిన సమయం దాంట్లో చాలా చిన్న వంతు.

ఆ అమ్మాయి తల్లిదండ్రుల దుఃఖం ముందు ఎవరూ వాదనకు దిగలేరు. కానీ ఆ ఉదయం కొన్ని ప్రశ్నలు మిగిల్చింది. ఇలాంటి కాల్పులతో ఆడవాళ్ల మీద నేరాలు తగ్గుతాయా? జనానికి కోర్టుల మీద నమ్మకం ఇంతగా ఎప్పుడు, ఎందుకు పోయింది? అత్యాచారం కేసు మన జిల్లా కోర్టుల్లో ఎన్నేళ్లు నడుస్తోంది, ఏ మెట్టు దగ్గర ఆగిపోతోంది? బాధిత కుటుంబాలు నిజంగా ఏం కోరుకుంటున్నాయి? ఇవన్నీ తిండి తినేటప్పుడు మాట్లాడుకుని వదిలేసే సంగతులు కావు. లెక్కలు తీసి, మనుషులతో మాట్లాడి, కేసు ఫైళ్లు చదివి జవాబు వెతకవలసినవి. ఆ వెతుకులాట కోసమే ఒక శాస్త్రం ఉంది. దానికి రెండు తెలుగు రాష్ట్రాల్లో సరైన ఇల్లు లేదన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న విషయం.

ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు ఈ చదువు గురించి అడిగేటప్పుడు మూడు వేర్వేరు చదువులను కలిపేసి అడుగుతుంటారు. రక్తపు మరక ఎవరిదో, తూటా ఏ తుపాకీలోంచి వచ్చిందో, వీలునామా మీద సంతకం అసలుదో కాదో తేల్చేది ఫోరెన్సిక్ సైన్స్. అది ప్రయోగశాల చదువు, దానికి సైన్సు పునాది కావాలి. నేరం ఎందుకు జరుగుతుంది, ఏ పనిని నేరమనాలో ఎవరు నిర్ణయిస్తారు, ఒకే తప్పు చేసినవాళ్లలో కొందరే జైలుకు ఎందుకు వెళ్తారు, శిక్ష పడ్డ మనిషి మారతాడా, బాధితుల గతేమిటి అని అడిగేది నేరశాస్త్రం, అంటే క్రిమినాలజీ. పోలీస్ స్టేషన్, ప్రాసిక్యూషన్, కోర్టు, జైలు, ప్రొబేషన్ ఎలా పనిచేస్తున్నాయో, ఒకదానికొకటి ఎక్కడ అడ్డుపడుతున్నాయో చూసేది క్రిమినల్ జస్టిస్ అధ్యయనం. ఈ చివరి రెండూ సామాజిక శాస్త్రాలు. టీవీలో భూతద్దం పట్టుకుని తిరిగే డిటెక్టివ్‌ను చూసి వీటిలో చేరిన విద్యార్థికి మొదటి సెమిస్టర్‌లోనే గణాంక శాస్త్రం ఎదురవుతుంది. చాలామంది బెదిరేది అక్కడే.

ఈ శాస్త్రం వయసు పెద్దదే. 1764లో ఇటలీలో చెజారె బెక్కారియా చిత్రహింసలకూ మరణశిక్షకూ వ్యతిరేకంగా ఒక చిన్న పుస్తకం రాశాడు. శిక్ష ఎంత క్రూరంగా ఉందన్నది కాదు, ఎంత తప్పనిసరిగా, ఎంత త్వరగా పడుతుందన్నదే నేరాన్ని ఆపుతుందని అతని వాదన. తర్వాతి కాలంలో జరిగిన పరిశోధన చాలావరకు ఆ మాటనే బలపరిచింది, ముఖ్యంగా తప్పనిసరితనం గురించి చెప్పిన భాగాన్ని. ప్రతి ఘోరం తర్వాతా ‘ఉరి తీయండి’ అని గొంతెత్తే మన రాజకీయ నాయకులకు ఎవరైనా చదివి వినిపించవలసిన సంగతి ఇది.

ఇదే శాస్త్రానికి సిగ్గుపడవలసిన చరిత్ర కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి పాఠం చెప్పే శాఖలో చేరకూడదని నా అభిప్రాయం. 1876లో లాంబ్రోసో అనే ఇటలీ వైద్యుడు నేరస్థులు పుట్టుకతోనే వేరని, పుర్రె, దవడ, చెవుల ఆకారం చూసి పోల్చుకోవచ్చని ప్రకటించాడు. ఐరోపాలో చాలామంది నమ్మారు. 1913లో ఇంగ్లండ్‌లో చార్లెస్ గోరింగ్ వేలమంది ఖైదీల కొలతలు తీసి, మామూలు జనంతో పోల్చి, అలాంటి ప్రత్యేక జాతి ఏదీ లేదని చూపించేదాకా ఆ నమ్మకం నడిచింది.

గోరింగ్ ఆ ఫలితాలను పుస్తకంగా అచ్చువేసిన రోజుల్లోనే మన బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. పుట్టుకతో నేరస్థులు ఉంటారన్న ఆలోచనను బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో లాంబ్రోసో కంటే ముందే చట్టంగా మార్చింది. అదే 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఎరుకల వాళ్లు ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకుని బతికినవాళ్లు. రైళ్లొచ్చి, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చి, ఆ వ్యాపారం చితికిపోయింది. బతుకుదెరువు పోయిన సంచారులను ప్రభుత్వం అనుమానితుల జాబితాలో ఎక్కించింది. మద్రాసు ప్రభుత్వంలో హోం వ్యవహారాలు చూసిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి సెటిల్‌మెంటు కట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పింది. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. చీరాల పొగాకు కంపెనీకి అక్కడి నుంచి కూలీలు వెళ్లేవారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పరిశోధన గ్రంథం ఈ కథంతా పత్రాలతో సహా విప్పి చెప్పింది. ‘సంస్కరణ’ పేరుతో నడిచిన ఏర్పాటు వెనక చవక కూలీల లెక్క ఎలా పనిచేసిందో దాంట్లో చదవాలి.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1952లో రద్దుచేశారు. పేరుకు అంటిన మచ్చ పోలేదు. సినిమాల్లో ఇప్పటికీ స్టువర్టుపురం పేరు దొంగతనానికి మారుపేరే. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడికి వెళ్లి ఏళ్ల తరబడి పనిచేశారు. నేరం మానిన వాళ్లకు భూమి, పని, పిల్లలకు బడి చూపించారు. నేరశాస్త్రం పుస్తకాల్లో ‘పునరావాసం’ అన్న అధ్యాయానికి అంతకంటే మంచి తెలుగు ఉదాహరణ నాకు తెలియదు. కానీ ఆ అనుభవాన్ని పాఠ్యాంశంగా చేసి, ఆ కుటుంబాల మూడో తరం ఇవాళ ఎలా ఉందో లెక్కగట్టి చూసే పని మన విశ్వవిద్యాలయాలు భుజాన వేసుకోలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టివేసింది. సంచార, విముక్త జాతులను పుట్టుకతో అనుమానించే మాటలను జైలు మాన్యువళ్లలోంచి తీసేయమంది. ఆ తీర్పు పరిశీలించిన వాటిలో ఆంధ్రప్రదేశ్ జైలు నిబంధనలూ ఉన్నాయి. ఆ కేసు వేసింది ఆచార్యులెవరో కాదు, సుకన్యా శాంత అనే జర్నలిస్టు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ చదువు పెరిగిన తీరు గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. అమెరికాలో షికాగో సమాజశాస్త్రజ్ఞులు నేరాన్ని మనిషి పుర్రెలో కాక పేటల్లో, పేదరికంలో, వలసల్లో వెతికారు. 1959లో లియాన్ రాజినోవిచ్ నాయకత్వంలో కేంబ్రిడ్జ్‌లో నేరశాస్త్ర సంస్థ మొదలైంది. 1968 తర్వాత అమెరికా ప్రభుత్వం పోలీసుల చదువుకు డబ్బు కుమ్మరించడంతో ఎన్నో కళాశాలల్లో క్రిమినల్ జస్టిస్ కోర్సులు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలా కోర్సులు పోలీసు శిక్షణకే డిగ్రీ తగిలించినట్టు తయారయ్యాయని అక్కడి వాళ్లే తర్వాత విమర్శించుకున్నారు. వ్యవస్థను గట్టిగా ప్రశ్నించిన బర్క్‌లీ నేరశాస్త్ర కళాశాల 1976లో మూతపడింది. పోలీసుకు పనికొచ్చే చదువా, పోలీసును ప్రశ్నించే చదువా అన్న పేచీ అప్పటి నుంచీ ఈ శాస్త్రాన్ని వదల్లేదు. మన దగ్గరా అదే పేచీ, కాకపోతే ఇక్కడ మొదటి పక్షం పోటీ లేకుండానే గెలిచింది.

ఒక్క పేరు దగ్గర మాత్రం ఆగాలి. 1939లో ఎడ్విన్ సదర్లాండ్ తన తోటి సమాజశాస్త్రజ్ఞుల సభలో, మీరు నేరాన్ని పేదల పేటల్లోనే ఎందుకు వెతుకుతున్నారు, కంపెనీల బోర్డు గదుల్లోకి ఎందుకు చూడరు అని నిలదీశాడు. 1949లో అతని పుస్తకం వచ్చినప్పుడు ప్రచురణకర్తలు కంపెనీల పేర్లు తీసేయించారు. పేర్లతో సహా పూర్తి పుస్తకం 1983లో గానీ రాలేదు. హైదరాబాద్ వాసులకు ఈ పాఠం సత్యం కంప్యూటర్స్ రూపంలో తెలుసు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖతో బయటపడ్డ ఆ మోసంలో 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్ల శిక్ష వేసింది. నెల తిరగ్గానే పై కోర్టు శిక్షను నిలిపివేసి బెయిలిచ్చింది. ఆ బెయిలును పక్కన పెట్టుకుని ఇప్పుడు మన మామూలు రిమాండ్ ఖైదీ సంగతి చూద్దాం.

ఏ పట్టణంలోనైనా మేజిస్ట్రేటు కోర్టుకు ఓ మధ్యాహ్నం వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. మోటార్ సైకిల్ దొంగతనం కేసులో కుర్రాడికి బెయిల్ వచ్చింది. ఇద్దరు జామీనుదార్లు కావాలి, ఒక్కొక్కరు పదివేలకో ఇరవైవేలకో పూచీ. జామీనుదారు ఇంటిపన్ను రసీదో, పట్టాదారు పాసు పుస్తకమో, జీతం సర్టిఫికెట్టో తేవాలి. ఆ కుర్రాడు ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చినవాడు. ఇక్కడ అతని కోసం సొంత ఇంటి పన్ను రసీదు పట్టుకొచ్చే మనిషి ఎవరుంటారు? బెయిల్ ఉత్తర్వు ఫైల్లో ఉంటుంది, మనిషి జైల్లో ఉంటాడు. మేస్త్రీ ఫోను ఎత్తడు. ములాఖత్‌కు రావాలంటే తల్లికి రైలు ఛార్జీలు కావాలి. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలో 5,73,220 మంది జైళ్లలో ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి డెబ్భై అయిదు మందికి పైగా ఇంకా నేరం రుజువు కాకుండానే లోపల ఉన్నారన్నమాట. 1979లో బిహార్ విచారణ ఖైదీల కేసులో సుప్రీంకోర్టు సత్వర విచారణ ప్రాథమిక హక్కని చెప్పింది. 2023 జనవరిలో, బెయిలొచ్చి నెల దాటినా జామీను ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం ఆలోచించమని కోర్టులకు సూచించింది. కొత్త నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివాళ్లు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడిచిపెట్టాలంది, మరణశిక్ష, జీవిత ఖైదు పడే కేసులు తప్ప. ఇన్ని మంచి మాటలు కోర్టు గుమస్తా బల్ల దాకా వచ్చేసరికి ఏమవుతున్నాయి? దాన్ని ఒక జిల్లాలో ఏడాది పాటు కూర్చుని లెక్కగడితే అది అసలైన క్రిమినల్ జస్టిస్ పరిశోధన అవుతుంది. ఎంఏ విద్యార్థి చేయగల పని, దానికి ప్రయోగశాల అక్కర్లేదు, అనుమతి, ఓపిక చాలు.

మన దేశంలో ఈ చదువు మొదలైందే జైలు అధికారుల శిక్షణగా. 1950ల ఆరంభంలో ఐక్యరాజ్యసమితి నిపుణుడిగా వాల్టర్ రెక్‌లెస్ వచ్చి జైళ్ల పరిపాలన మీద నివేదిక ఇచ్చాడు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఆ దశాబ్దంలోనే జైలు అధికారులకు పాఠాలు చెప్పింది, సామాజిక సేవ చదివే పిల్లలను జైళ్లకూ బాలనేరస్థుల గృహాలకూ పంపింది. 1959లో మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయం నేరశాస్త్రం, ఫోరెన్సిక్ సైన్స్ కలిపి శాఖ తెరిచింది. తర్వాత ధార్వాడ, మద్రాసు, తిరునెల్వేలి శాఖలు వచ్చాయి. మద్రాసు శాఖ బాధితుల అధ్యయనంలో పేరు తెచ్చుకుంది. తిరునెల్వేలి మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయం నుంచి సైబర్ నేరాల మీద, బాధితుల మీద పరిశోధన ప్రపంచ పత్రికల దాకా వెళ్లింది. యూజీసీ నెట్ పరీక్షలో క్రిమినాలజీ ఒక ప్రత్యేక సబ్జెక్టు. 2020లో పార్లమెంటు చట్టాలతో గుజరాత్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం, రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం వచ్చాయి. ఢిల్లీలో అధికారుల శిక్షణకు ఉన్న పాత నేరశాస్త్ర, ఫోరెన్సిక్ సంస్థ మొదటిదానిలో క్యాంపస్‌గా కలిసిపోయింది.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లో సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ పోలీస్ అకాడమీ ఉంది, 1975లో మౌంట్ అబూ నుంచి వచ్చింది. దేశంలోని ఐపీఎస్‌లందరూ అక్కడే తయారవుతారు. కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది. డీఎన్ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది. చంచల్‌గూడలో జైలు సిబ్బంది శిక్షణ సంస్థ ఉంది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. రాజమహేంద్రవరం, విశాఖ, చర్లపల్లి సెంట్రల్ జైళ్లున్నాయి. ఖైదీలు పెట్రోలు బంకులు నడుపుతున్న రాష్ట్రం తెలంగాణ. ఇన్ని ఉన్నా, మద్రాసు శాఖ పక్కన నిలబెట్టదగ్గ నేరశాస్త్ర శాఖ ఉస్మానియాలో గానీ, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గానీ, వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గానీ ఎదగలేదు. లా కోర్సులో ఒక పేపరుగా, సోషియాలజీలో ఒక ఐచ్ఛికంగా, సోషల్ వర్క్‌లో ఒక అధ్యాయంగా చదివేసి వదిలేస్తున్నాం. ఆసక్తి ఉన్న తెలుగు విద్యార్థి చెన్నైకో ముంబైకో గాంధీనగర్‌కో రైలెక్కాలి.

అలాగని తెలుగు నేలమీద ఈ పని జరగలేదనుకోవద్దు. జరిగింది, విశ్వవిద్యాలయం గోడల బయట. ఎన్‌కౌంటర్ల మీద 1970ల నుంచీ పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ బృందాలు ఊళ్లకు వెళ్లి, సాక్షులను కలిసి, పోస్ట్‌మార్టం నివేదికలు చదివి రాసిన చిన్న పుస్తకాలు పద్ధతి తెలిసిన నేర పరిశోధనలే. హక్కుల న్యాయవాదులు కన్నబిరాన్ కోర్టుల్లో, బాలగోపాల్ కోర్టుల్లోనూ పల్లెల్లోనూ చేసిన పని ఏ ఆచార్యుడి పరిశోధనకూ తీసిపోదు. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే పోలీసుల మీద ఎఫ్ఐఆర్ నమోదు చేసి దర్యాప్తు చేయాల్సిందేనని 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పడం వెనక ఆ కృషి ఉంది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళ మీద జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. మహారాష్ట్ర నుంచి వచ్చిన మరో స్టేషన్ అత్యాచారం కేసులో పోలీసులను విడిచిపెట్టిన సుప్రీంకోర్టుకు మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. ఆ ఆందోళనలన్నీ కలిసి 1983లో చట్టాన్ని మార్పించాయి. కస్టడీ అత్యాచారాల్లో, కలయిక జరిగినట్టు రుజువైతే, సమ్మతించలేదన్న బాధితురాలి మాటనే కోర్టు ముందుగా నమ్మాలన్న నిబంధన అప్పుడే వచ్చింది. అధ్యాపకులు నోరు విప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈమధ్య మరో ఖాళీని ఆర్థికవేత్తలు పూరిస్తున్నారు. హైదరాబాద్‌లో వీధి వేధింపుల మీద పోలీసు గస్తీ ఎంతవరకు పనిచేస్తుందో నగర పోలీసులతో కలిసి శాస్త్రీయంగా పరీక్షించింది ఆర్థికవేత్తల బృందమే. మొత్తం వేధింపులు గస్తీ వల్ల తగ్గలేదు. యూనిఫాంలో కనబడే గస్తీ వల్ల తీవ్రమైన వేధింపులు మాత్రం తగ్గాయి. మఫ్టీ గస్తీకి, యూనిఫాం గస్తీకి తేడా ఉందన్నది ప్రతి కమిషనరేట్‌కూ పనికొచ్చే సంగతి. మన నగరం మీద ఇలాంటి అధ్యయనాలు మన విశ్వవిద్యాలయాల నుంచి రావాలి. వేలకొద్దీ సీసీ కెమెరాలు, ముఖం గుర్తుపట్టే యంత్రాలు, అర్ధరాత్రి కార్డన్ సెర్చ్‌లు నడుస్తున్న చోట వాటితో నేరం తగ్గిందా, తగ్గితే ఎంత, దానికి ఎవరు మూల్యం చెల్లించారు అని బయటి మనిషి లెక్క చూడకపోతే, పోలీసుల పత్రికా ప్రకటనే చివరి మాట అయిపోతుంది.

లెక్కల గురించి ఒక హెచ్చరిక. క్రైమ్ రికార్డ్స్ బ్యూరో ఏటా వేసే నివేదికలో ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా పెద్దదాన్ని మాత్రమే లెక్కిస్తారు. అత్యాచారం చేసి చంపితే అది హత్యల పట్టికలోకి వెళ్తుంది. ఫిర్యాదు తీసుకోని స్టేషన్ ఉన్న జిల్లా శాంతిగా కనబడుతుంది, నిజాయితీగా నమోదు చేసే జిల్లా నేరాల అడ్డాగా కనబడుతుంది. అందుకే అమెరికా 1973 నుంచి, బ్రిటన్ 1982 నుంచి ఇల్లిల్లూ తిరిగి ‘మీకేమైనా జరిగిందా, పోలీసులకు చెప్పారా’ అని అడిగే సర్వేలు నడుపుతున్నాయి. మనకు అలాంటి జాతీయ సర్వే ఏటా లేదు. ఫలానా జిల్లాలో నేరాలు ఇంత శాతం పెరిగాయన్న వార్త చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నేరశాస్త్రం విద్యార్థి మొదటి ఏడాదిలో నేర్చుకునే అతి విలువైన పాఠం ఇదే అనుకుంటాను.

ఇప్పుడు గాలి అంతా ఫోరెన్సిక్ వైపు వీస్తోంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాలి. రాష్ట్రాలు అయిదేళ్లలోపు ఆ ఏర్పాటు చేసుకోవాలి. క్లూస్ టీంలకు మనుషులు కావాలి కాబట్టి ప్రైవేటు కళాశాలలు బీఎస్సీ ఫోరెన్సిక్ బోర్డులు వేలాడదీస్తున్నాయి. మంచిదే. విజయవాడ హాస్టల్ విద్యార్థిని హత్య కేసు ఈ చదువు ఎంత అవసరమో చెబుతుంది. 2007లో హత్య జరిగింది. 2010లో ఒక యువకుడికి జీవిత ఖైదు పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని విడిచిపెట్టి, లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమంది. ఎనిమిదేళ్లకు పైగా ఒక మనిషి జీవితం లోపల పోయింది, చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులకు హంతకుడు ఎవరో తెలియకుండానే పోయింది. కానీ ప్రయోగశాల ఒక్కటే దీనికి మందు అనుకుంటే పొరపాటు. 2009లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నివేదిక, డీఎన్ఏ తప్ప మిగతా చాలా ఫోరెన్సిక్ పద్ధతులకు ఫలానా మనిషే అని కచ్చితంగా తేల్చే శాస్త్రబలం లేదని చెప్పింది. మన దగ్గర నార్కో పరీక్షలకు టీవీలు ఇచ్చిన ప్రచారం అంతా ఇంతా కాదు. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు వాటిని బలవంతంగా చేయడానికి వీల్లేదంది. అనుమానించడం నేర్పని ఫోరెన్సిక్ చదువు అమాయకుడికే ప్రమాదం.

ఉద్యోగాల మాట దాటవేయకూడదు. తల్లిదండ్రులు మొదట అడిగేది అదే, అడగాలి కూడా. ఎస్సై, డిప్యూటీ జైలర్ నియామకాలకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, నేరశాస్త్రం చదివినందుకు ప్రత్యేక లాభం లేదు. ప్రొబేషన్ అధికారి, బాలల సంరక్షణ విభాగం పోస్టుల్లో సోషల్ వర్క్ వాళ్లకే మొదటి చోటు. హైదరాబాద్‌లోని ఆడిటింగ్ సంస్థలు, బ్యాంకులు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు మోసాల దర్యాప్తుకు, సైబర్ భద్రతకు ఈ చదువు ఉన్నవాళ్లను తీసుకుంటున్నాయి. స్వచ్ఛంద సంస్థల్లో పనుంది, జీతం తక్కువ. కొత్తగా ఇంకో దారి తెరుచుకుంది. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్ష వేసే ముందు ఖైదీ జీవితం, మానసిక స్థితి మీద నివేదికలు తప్పనిసరిగా చూడాలంది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం బృందం 2016లో దేశంలోని మరణశిక్ష ఖైదీలు 373 మందిని కలిసి తెచ్చిన నివేదికలో, వాళ్లలో నూటికి డెబ్భై నాలుగు మంది ఆర్థికంగా అడుగున ఉన్నవాళ్లేనని తేలింది. ఆ బృందం ఇప్పుడు హైదరాబాద్ నల్సార్ నుంచి పనిచేస్తోంది. ఖైదీ సొంతూరికి వెళ్లి, అతని బడి రికార్డు, తల్లి మాట, ఆసుపత్రి చీటీ సేకరించి కోర్టు ముందు పెట్టే ఆ పనికి తెలుగు తెలిసిన, పద్ధతి నేర్చిన మనుషులు చాలా తక్కువ. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లల ఘోర నేరాల్లో జువెనైల్ బోర్డులు చేసే ప్రాథమిక అంచనాకూ, చిన్న దొంగతనాలకు కొత్త న్యాయ సంహిత తెచ్చిన సమాజసేవ శిక్షకూ ఇలాంటివాళ్లే కావాలి. ప్రభుత్వాలు ఆ పోస్టులు సృష్టించి, వాటికి ఈ డిగ్రీని అర్హతగా పెడితేనే చదువుకు విలువ వస్తుంది.

కోర్సులో చేరదలచిన విద్యార్థికి నాదొక సలహా. ప్రాస్పెక్టస్‌లో భవనాల ఫోటోలు చూడొద్దు. ఆ శాఖ నిరుటి విద్యార్థులు ఎన్ని రోజులు జైల్లో, కోర్టులో, బాలల గృహంలో గడిపారో అడగండి. గణాంకాలు ఎవరు చెబుతారో, పరిశోధన పద్ధతులకు సొంత అధ్యాపకుడు ఉన్నాడో లేదో అడగండి. పాఠాలు చెప్పేవాళ్లందరూ రిటైరైన పోలీసు అధికారులే అయితే ఆలోచించండి. వాళ్ల అనుభవం కావాలి, అదొక్కటే అయితే చాలదు. తిరుపతి, వరంగల్ కుర్రాళ్లచేత తెలుగులో రిమాండ్ రిపోర్టు, పంచనామా చదివి విశ్లేషించే అభ్యాసం చేయించే చోటు దొరికితే వదులుకోవద్దు.

ప్రభుత్వాలకు, వైస్‌చాన్సలర్లకు ఒక విజ్ఞప్తి. ఉస్మానియాలో ఒకటి, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఒకటి, రెండు నేరశాస్త్ర శాఖలు తెరవండి. లా, సోషియాలజీ, సైకాలజీ, గణాంక శాస్త్రం నుంచి అధ్యాపకులను ఇచ్చి మొదలుపెట్టినా సరిపోతుంది. జైళ్ల శాఖ, పోలీసు శాఖ ఆ శాఖలతో లిఖితపూర్వక ఒప్పందం చేసుకుని, పేర్లు తీసేసిన రికార్డులు పరిశోధకులకు చూపించాలి. వచ్చిన ఫలితాలు తమకు నచ్చకపోయినా అచ్చు వేయనివ్వాలి. జైలు తలుపు పరిశోధకుడికి ఒక అధికారి మంచితనం మీద కాకుండా, ఒక నిబంధన ప్రకారం తెరుచుకోవాలి.